కట్ట మీద నుంచి కాదు, ఎగువ నుంచి: మన పట్టణం చెరువుకు ప్లాన్ వేసుకోవడం ఎలా?

మన వైపు పట్టణాల్లో ఏ చెరువు కట్ట మీదికి సాయంత్రం పూట వెళ్లినా ఇప్పుడు ఒకటే సీను. రంగు లైట్లు, సిమెంటు బెంచీలు, సెల్ఫీ పాయింటు, పక్కన మిర్చి బజ్జీల బండి. గాలి చెరువు మీద నుంచి ఇటు తిరిగిందంటే మాత్రం వాకింగ్‌కు వచ్చిన వాళ్ల చేతి రుమాళ్లు ముక్కుల మీదికి పోతాయి. మా పట్టణంలో కట్ట సోకులన్నీ పూర్తయ్యాయి, రిబ్బన్ కూడా కత్తిరించారు. ఆ చెరువులో ఎన్ని మోరీలు వచ్చి కలుస్తున్నాయని అడిగితే పని చేయించిన వాళ్లెవరి దగ్గరా లెక్క లేదు. మేం నలుగురం ఒక ఆదివారం చుట్టూ తిరిగి లెక్కపెడితే పదకొండు తేలాయి.

చెరువును కాపాడే ప్లాన్ ఆ లెక్క దగ్గర మొదలుకావాలి. కింద రాసింది కాలనీ సంఘాలు నడిపేవాళ్లకు, వార్డు కమిటీల్లో ఉన్నవాళ్లకు, పిల్లలతో ఏదైనా పనికొచ్చే ప్రాజెక్టు చేయించాలనుకునే టీచర్లకు, పని చేయాలని నిజంగా ఉన్న కౌన్సిలర్లకు. ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. ఒక నోటుబుక్కు, ఫోను, గట్టి చెప్పులు, వారానికి ఒక పూట ఉంటే చాలు. పని మే నెలలో మొదలుపెట్టండి. చెరువు ఎండినప్పుడు దాని అడుగు కనబడుతుంది, మృగశిర కార్తె వాన పడ్డప్పుడు దానిలోకి నీళ్లు వచ్చే దారి కనబడుతుంది. రెండూ చూడందే ప్లాన్ వేయలేం.

ముందు చెరువుకు సొంత మ్యాపు గీయండి

మున్సిపాలిటీ మ్యాపులో చెరువు ఒక నీలం మచ్చ, అంతే. దానికి నీళ్లు ఎటు నుంచి వస్తాయో, మత్తడి దుంకితే ఎటు పోతాయో అందులో ఉండదు. మనకు కావాల్సింది సరిగ్గా అదే.

మన చెరువులు ఒంటరివి కావు, గొలుసుకట్టు. పై కుంట నిండితే కింది చెరువుకు, అది నిండితే ఇంకో ఊరి చెరువుకు. వనపర్తి సంస్థానం నాటి సప్త సముద్రాలను తీసుకున్నా, నల్లగొండ పక్కన పానగల్లులో కందూరు చోళుల కాలం నాటి ఉదయసముద్రాన్ని తీసుకున్నా, కట్టినవాళ్లు మొదట చూసింది వాన నీళ్లు ఏ వాలున జారుతాయన్నదే. కట్ట ఎక్కడ పోయాలన్నది ఆ తర్వాతి మాట. మనం ఇప్పుడు దాన్ని తిరగేసి, కట్ట నుంచి మొదలుపెట్టి కట్ట దగ్గరే ఆగిపోతున్నాం.

కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిస్తే పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు కూడా చూడొచ్చు. పది పదిహేనేళ్ల కిందటి వానాకాలం బొమ్మ ఒకటి, నిరుటిది ఒకటి పక్కపక్కన పెట్టుకోండి. చెరువు ఎంత కుంచించుకుపోయిందో కనబడుతుంది. అంతకన్నా ముఖ్యమైనది, చెరువులోకి వచ్చే కాలువలు ఏ వెంచర్ కింద మాయమయ్యాయో కూడా కనబడుతుంది. చెరువు కబ్జా అయితే పేపర్లో వస్తుంది. కాలువ కబ్జా అయితే ఎవరూ పట్టించుకోరు, కానీ చెరువు చచ్చేది ఎక్కువగా దానివల్లే.

తర్వాత తహసీల్దార్ ఆఫీసులో గ్రామ నక్షా నకలు అడగండి. అందులో చెరువు, కుంట, వాగు, కాలువ గీతలు సర్వే నంబర్లతో సహా ఉంటాయి. శిఖం భూమి, అంటే చెరువు నిండితే నీళ్ల కింద మునిగే భూమి, ఎంతన్నది తేల్చుకోవడానికి సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ అనే పాత భూమి రికార్డులు పనికొస్తాయి. ఆఫీసుకు పోయినా కాగితం చేతికి రాకపోతే సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. మున్సిపాలిటీకైనా జిల్లా ఆఫీసుకైనా ఫీజు 10 రూపాయలే, 30 రోజుల్లో జవాబివ్వాలి. అడిగేటప్పుడు 'చెరువు వివరాలన్నీ ఇవ్వగలరు' అని రాయకండి, ఏమీ రాదు. 'ఫలానా సర్వే నంబరులోని చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాపు, శిఖం విస్తీర్ణం, ఇన్‌ఫ్లో కాలువల జాబితా' అని మూడే అడగండి. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పటి మట్టం, దాని సంగతి కింద చెబుతాను.

కాగితాలు వచ్చేలోగా నడవడం మొదలుపెట్టండి. మత్తడి దగ్గర మొదలుపెట్టి చెరువు చుట్టూ తిరుగుతూ, లోపలికి వచ్చే ప్రతి కాలువ వెంట, ప్రతి మోరీ వెంట ఎగువకు పోవాలి. ఎక్కడ పైపు కలిసిందో, ఎక్కడ చెత్త పోస్తున్నారో, ఎక్కడ కల్వర్టు పూడిందో ఫోనులో లొకేషన్‌తో ఫొటో తీసుకోండి. మూడు నాలుగు ఆదివారాల పని ఇది. ఆ ఊరి నీరటి కుటుంబం వాళ్లెవరైనా ఉంటే కచ్చితంగా వెంట తీసుకుపోండి. తూములు తెరిచి మూసిన చేతులవి. 'ఇక్కడ ఇద్దరు మనుషులు పట్టేంత కాలువ ఉండె సారూ' అని ఒక ముసలాయన చూపించిన చోట ఇవాళ ఫంక్షన్ హాలు పార్కింగ్ ఉంది. నక్షా తీసి చూస్తే ఆయన చెప్పిందే కరెక్టు.

మొదటి గట్టి వాన పడ్డ గంటలోపు గొడుగు పట్టుకుని మళ్లీ అదే దారిన తిరగండి. గల్లీల్లో నీళ్లు ఎటు ఉరుకుతున్నాయో వీడియో తీయండి. ఏ సర్వేకూ దొరకని సమాచారం ఆ ఒక్క గంటలో దొరుకుతుంది.

హద్దులు: ఈ నంబర్లు నోటికి వచ్చి ఉండాలి

ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండి మత్తడి మీద నీళ్లు దుంకబోయే మట్టం. ఆ మట్టంలో నీళ్లు ఎక్కడిదాకా పరుచుకుంటాయో అదంతా చెరువే. అందులో వేసవిలో జొన్న పండినా, క్రికెట్ ఆడినా అది చెరువే. 2012లో వచ్చిన భవన నిర్మాణ నియమాలు, అంటే జీవో 168, ఆ గీత బయట ఎంత దూరం కట్టడాలు ఉండకూడదో చెబుతాయి. 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు పైబడిన చెరువైతే 30 మీటర్లు. అంతకన్నా చిన్న చెరువు, కుంట, శిఖం భూమి అయితే 9 మీటర్లు. 10 మీటర్ల కన్నా వెడల్పైన వాగు, నాలా, కాలువకు హద్దు నుంచి 9 మీటర్లు, అంతకన్నా సన్నవాటికి 2 మీటర్లు. నది ఒడ్డు నుంచి పట్టణం లోపలైతే 50 మీటర్లు, బయటైతే 100.

చెరువుల కబ్జా మాట వస్తే చాలామంది 'హైడ్రాకు చెబుదాం' అంటున్నారు. హైదరాబాద్‌లో చెరువుల, ప్రభుత్వ భూముల కబ్జాలు తొలగించే ఆ సంస్థ పరిధి ఔటర్ రింగ్ రోడ్డు దాకానే. నల్లగొండకో నాగర్‌కర్నూలుకో అది రాదు. ఇక్కడ మనకు దిక్కు రెవెన్యూ, నీటిపారుదల, మున్సిపల్ టౌన్ ప్లానింగ్ శాఖలు మూడూ. ఈ మూడింట్లో ఏ ఒక్కదానికి అర్జీ పెట్టినా 'మాది కాదు, వాళ్లది' అన్న జవాబే వస్తుంది. అందుకే ముగ్గురూ ఒకేరోజు వచ్చి జాయింట్ సర్వే చేయాలని, హద్దు రాళ్లు పాతాలని అడగాలి. కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణి ఉంటుంది కదా, ఆ అర్జీ అక్కడే ఇవ్వండి. రసీదు తీసుకోకుండా కదలకండి.

ఒక టెన్షన్ ముందే చెబుతాను. హద్దులు తేలితే శిఖంలో తెలియక ప్లాటు కొన్న చిన్న ఉద్యోగి ఇల్లు కూడా అందులో తేలుతుంది. వెంచర్ వేసినవాడు అప్పటికి ఊళ్లో ఉండడు. ఈ విషయంలో మీ సంఘంలోనే గొడవ వస్తుంది. మా దగ్గర వచ్చింది. కొత్త కట్టడాలు ఆపడం, కాలువ దారి తెరవడం మొదటి డిమాండ్లుగా పెట్టుకుని, ఉన్న ఇళ్ల సంగతి అధికారులు చట్టప్రకారం చూసుకునేలా వదలడం మంచిదని నా అనుభవం. లేకపోతే అసలు పని పక్కకు పోయి మనుషుల మధ్య పగలు మిగులుతాయి.

నీళ్ల పద్దు రాయండి

కిరాణా కొట్టు నడిపే మనిషికి పద్దు ఎట్లాగో పట్టణానికి నీళ్ల లెక్క అట్లా. ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఏ రూపంలో పోయింది.

నల్లగొండ జిల్లా మాట చెబితే దేశంలో ఎక్కడైనా ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడ్. మర్రిగూడ, మునుగోడు వైపు వంగిన కాళ్లు, పచ్చబడ్డ పళ్లు మన కళ్ల ముందటివే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ 'నల్గొండ టెక్నిక్' అని మన జిల్లా పేరే పెట్టింది. పాలమూరులోనైతే నల్లా కోసం ఎదురుచూసిన తరానికి రామన్‌పాడు, కోయిల్‌సాగర్ పేర్లు తెలియంది కాదు. మిషన్ భగీరథ వచ్చాక కృష్ణ నీళ్లు ఇంటింటికీ వస్తున్నాయి. మంచిదే. కానీ నల్లా నీళ్లు పెరిగితే మోరీ నీళ్లు కూడా పెరుగుతాయన్న సంగతి మన ప్లాన్లలో ఎక్కడా కనబడదు. పైపు లోపలికి వేశాం, బయటికి పోయే దారి వేయలేదు.

లెక్క సులువు. పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది దేశంలో వాడే ప్రమాణం. అందులో సుమారు 80 శాతం మురుగుగా బయటికి వస్తుంది. లక్ష మంది ఉన్న పట్టణమైతే రోజుకు 1 కోటి 35 లక్షల లీటర్లు లోపలికి, 1 కోటి 8 లక్షల లీటర్లు మోరీలోకి. ఏడాదికి దాదాపు 0.14 టీఎంసీ. ఉదయసముద్రం సామర్థ్యం 1.5 టీఎంసీ. అంటే లక్ష మంది మురుగు పదకొండేళ్లు పట్టి ఉంచితే ఉదయసముద్రమంత చెరువు మురుగుతోనే నిండుతుంది. మీ పట్టణం జనాభా పెట్టి ఈ లెక్క ఒకసారి వేసి, మున్సిపాలిటీ శుద్ధి చేస్తున్నది ఎంతో దాని పక్కన రాయండి. ఆ రెండు అంకెల మధ్య తేడా ఎంతుందో, మీ చెరువు సమస్య అంతన్నమాట.

కాగితం లెక్కతో ఆగకుండా మోరీ దగ్గర కొలవండి. పైపులోంచి పడేదైతే బకెట్, ఫోనులో స్టాప్‌వాచ్ చాలు. 15 లీటర్ల బకెట్ 5 సెకన్లలో నిండితే సెకనుకు 3 లీటర్లు, రోజుకు 2 లక్షల 59 వేల లీటర్లు. పెద్ద మోరీ అయితే ఒక థర్మకోల్ ముక్క వదలండి. మోరీ వెడల్పు 1 మీటరు, నీళ్ల లోతు 20 సెంటీమీటర్లు, ముక్క 10 మీటర్లు పోవడానికి 40 సెకన్లు పట్టిందనుకుందాం. వెడల్పు, లోతు, వేగం గుణిస్తే సెకనుకు 50 లీటర్లు. పైన పారినంత జోరుగా అడుగున పారదు కాబట్టి ఐదో వంతు తీసేస్తే 40 లీటర్లు. రోజుకు 34 లక్షల లీటర్ల పైచిలుకు. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం, రాత్రి పదింటికి మూడుసార్లు కొలిచి సగటు తీయండి. పొద్దున ఒక్కసారే కొలిస్తే లెక్క బాగా ఎక్కువ చూపిస్తుంది. వాన లేని రోజునే కొలవాలి, అప్పుడు వచ్చేదంతా మురుగే.

నీళ్లకు పరీక్ష

చెరువులో మూడు చోట్ల నీళ్లు పట్టండి: పెద్ద మోరీ కలిసేచోట, నడిమధ్యన, మత్తడి దగ్గర. ఏప్రిల్‌లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి, డిసెంబరులో ఒకసారి. ప్రతిసారీ అవే చోట్లు, అదే వేళ. సీసాలు ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు ల్యాబుకు చేర్చాలి.

రిపోర్టులో ముందు రెండు అంకెలు చూడండి. బీఓడీ అంటే నీళ్లలోని కుళ్లును కరిగించడానికి క్రిములకు ఎంత ఆక్సిజన్ కావాలన్నది. స్నానానికి పనికొచ్చే నీళ్లలో అది లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. పచ్చి మురుగులో 200 దాటడం మామూలే. రెండోది కరిగిన ఆక్సిజన్. చేపలు బతకాలంటే అది లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలి. పచ్చటి నాచు పేరుకున్న చెరువులో పగలు ఆక్సిజన్ బాగానే కనబడుతుంది, రాత్రి ఆ నాచే దాన్ని తాగేస్తుంది. అందుకే చేపలు తెల్లారేసరికి వెల్లకిలా తేలుతాయి, అందుకే 'ఎవరో మందు కలిపారు' అని కేసు పెడతారు. కలిపింది మనందరం, రోజూ పొద్దున.

గుర్రపు డెక్క అల్లుకుందంటే ల్యాబు రిపోర్టు రాకముందే మీకు సగం జవాబు వచ్చినట్టు. మురుగులోని నత్రజని, భాస్వరం తిని బలిసే మొక్క అది. ఏటా లక్షలు పెట్టి మిషన్లతో తీయిస్తారు, మోరీ అట్లాగే ఉంటుంది కాబట్టి మళ్లీ వస్తుంది.

చెరువు చుట్టుపక్కల నాలుగైదు బోర్ల నీళ్లు కూడా పరీక్ష చేయించండి. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిందంటే మురుగు భూమిలోకి దిగుతోందేమోనని అనుమానించాలి. ఫ్లోరైడ్ 1 లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. మన గ్రానైటు రాళ్లలోనే ఫ్లోరైడ్ ఉంది. రాతి సందుల్లో నీళ్లు ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత ఎక్కువ కరుగుతుంది. నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందని ఇప్పటికీ కొందరి నమ్మకం. పోకపోగా, నీళ్లు ఆవిరైన మేరకు చిక్కబడుతుంది.

అసలు పని: మురుగును చెరువు నుంచి విడదీయడం

ఇప్పటిదాకా చేసిందంతా దీనికోసమే. మీ దగ్గర సమయం, పలుకుబడి, ఓపిక ఎంత ఉన్నాయో వాటిలో ముప్పాతిక వంతు ఇక్కడ ఖర్చు పెట్టండి.

'మోరీని చెరువులోకి రాకుండా మళ్లించండి' అని అర్జీ పెడితే ఏం చేస్తారో తెలుసా? చెరువు అంచు వెంబడి పెద్ద కాలువ తవ్వి, మోరీతోపాటు వాన నీళ్లను కూడా అందులో కలిపి మత్తడి కింద వదిలేస్తారు. వాసన పోయిందని మనం సంబరపడతాం. రెండేళ్లకు చెరువులో చుక్క ఉండదు. పడావు పడ్డ చెరువు మీద అందరి కన్నూ పడుతుంది. మళ్లించిన మురుగేమో కింది ఊరి చెరువులో తేలుతుంది. హైదరాబాద్ మురుగు మూసీలో పడి, పాత నల్లగొండ జిల్లా పొలాల మధ్య నుంచి నురగలు కక్కుతూ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తోందని మనం దశాబ్దాలుగా తిడుతున్నాం. తిట్టాల్సిందే. మరి మన పట్టణం కింది ఊరివాళ్లు మనల్ని ఏమంటున్నారో ఎప్పుడైనా అడిగామా?

కాబట్టి అర్జీలో మాట ఇట్లా ఉండాలి: ఎండ రోజుల్లో పారే మురుగు పైపులోకి, వాన రోజుల్లో వచ్చే వరద చెరువులోకి. దీనికి నాలా చెరువులో కలిసే ముందు అడ్డంగా ఒక పొట్టి గోడ కడతారు. మామూలు రోజు మురుగు ఆ గోడకు తగిలి పక్కనున్న పైపులోకి దిగి శుద్ధి కేంద్రానికి పోతుంది. వాన దంచినప్పుడు వరద గోడ మీదుగా దుంకి చెరువులోకి పోతుంది. గోడకు ముందు చెత్త ఆపే ఇనుప జాలీ, బురద దిగడానికి ఒక గుంత ఉండాలి. జాలీ దగ్గర చెత్త వారానికి రెండుసార్లైనా తీయించకపోతే నాలా వెనక్కి తన్ని గల్లీల్లోకి వస్తుంది. తీసే మనిషి ఎవరు, జీతం ఎవరిస్తారన్నది కూడా ప్లాన్‌లో రాయండి. గోడ కట్టడానికి డబ్బులు దొరుకుతాయి, జాలీ ఊడ్చడానికే దొరకవు.

శుద్ధి కేంద్రం, అదే ఎస్‌టీపీ, వస్తుందని చెబితే వెంటనే చప్పట్లు కొట్టకండి. కరెంటు బిల్లు ఏ పద్దులోంచి కడతారు? నడిపే కాంట్రాక్టు ఎన్నేళ్లు? పైపులైను ఇళ్ల దాకా వేస్తారా, లేక ఎస్‌టీపీ ఒక్కటే కట్టి వదిలేస్తారా? శుద్ధి అయిన నీళ్లు ఎటు పోతాయి? నెలనెలా రిపోర్టు జనానికి చూపిస్తారా? ఈ ఐదూ అడగండి. పైపులు చేరని ఎస్‌టీపీ పెళ్లికొడుకు లేని పెళ్లి పందిరి లాంటిది.

పెద్ద ఎస్‌టీపీ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఒక కాలనీ మురుగు ఒకే మోరీలో పోతుంటే, చెరువు ఎగువన కొంచెం ప్రభుత్వ జాగా దొరికితే, మొక్కలతో శుద్ధి చేసే మడుగు కట్టుకోవచ్చు. ముందు మురుగు నిలిచి బురద దిగే తొట్టి, ఆ తర్వాత కంకర నింపిన మడి, అందులో జమ్ము, మెట్ట తామర. నీళ్లు కంకర సందుల్లో మెల్లగా జారుతుంటే వేళ్ల దగ్గరి క్రిములు కుళ్లును తినేస్తాయి. కరెంటు అక్కర్లేదు. మన ఎండలకు మనిషికి ఒకటి రెండు చదరపు మీటర్ల మడి వేసుకోవాలి. 300 ఇళ్లు, 1200 మంది అనుకుంటే 12 నుంచి 24 గుంటల జాగా. జమ్మును ఏటా కోయాలి, బురద తొట్టి ఖాళీ చేయించాలి. ఆ రెండూ మరిచిపోతే రెండేళ్లలో అది దోమల మడుగే.

ఇక ఇళ్ల సంగతి. మన పట్టణాల్లో ఎక్కువ ఇళ్లకు సెప్టిక్ ట్యాంకులున్నాయి. కొన్నింటికి అవి కూడా లేకుండా నేరుగా మోరీకి పైపు. సెప్టిక్ ట్యాంకును రెండు మూడేళ్లకోసారి ఖాళీ చేయించాలి. నిండి పొంగేదాకా చూస్తే లోపలి బురదంతా మోరీలోకి, అక్కడి నుంచి చెరువులోకి. ఖాళీ చేసే ట్యాంకర్ వాడిని 'ఎక్కడ పోస్తావు' అని అడగడం నేర్చుకోండి. మానవ వ్యర్థాల శుద్ధి కేంద్రం ఉన్న పట్టణంలో అక్కడే పోయాలి. చీకటి పడ్డాక వాగు పక్కన పైపు విప్పే బండి నంబరు ఫొటోతో సహా మున్సిపాలిటీకి పంపండి. సెప్టిక్ ట్యాంకు శుభ్రానికి 14420 నంబరుకు ఫోన్ చేయొచ్చు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని లోపలికి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. విషవాయువుకు ఒక్క శ్వాస చాలు. ఆ పనికి మీ వాకిట్లో ఎవరినీ ఒప్పుకోకండి.

వాన నీళ్లు భూమిలోకి

వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 1 మిల్లీమీటరు వాన పడితే 93 లీటర్లు. ఏడాదికి 600 మిల్లీమీటర్లనుకుని, ఆవిరికి, వృథాకు ఐదో వంతు తీసేసినా 44 వేల లీటర్లకు పైనే. నలుగురున్న ఇంటికి రోజుకు 540 లీటర్ల చొప్పున 80 రోజుల నీళ్లు. అవన్నీ ఇప్పుడు రోడ్డు మీదికి, మోరీలోకి పోతున్నాయి. మోరీ పొంగి గల్లీలు మునగడానికి అవి కూడా కారణమే.

ఇంకుడు గుంత చేయడం కష్టమేం కాదు. అడుగున దొడ్డు రాయి, పైన సన్న కంకర, ఆ పైన ఇసుక. తొలి వాన నీళ్లతో డాబా మీది దుమ్ము, పావురాల రెట్ట వస్తాయి కాబట్టి ఆ వాన వదిలేయడానికి పైపుకు ఒక మూత పెట్టుకోండి. సెప్టిక్ ట్యాంకుకు దూరంగా తవ్వండి. ఎండిన బోరులోకే నేరుగా నీళ్లు వదులుదామని కొందరు పైపు పెట్టేస్తారు. డాబా నీళ్లను వడపోసి వదిలితే పర్లేదు. వాకిలి నీళ్లు, రోడ్డు నీళ్లు మాత్రం ఎప్పుడూ వద్దు. బోరులో కలిసిన మురికిని బయటికి తీసే దారి లేదు. కొత్త బోరు వేయాలంటే నీళ్లు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలన్న సంగతి బోరు బండి వాళ్లు మీకు గుర్తు చేయరు, మీరే గుర్తుపెట్టుకోండి.

పూడిక, కట్ట, పండుగలు

పూడిక తీయడమంటే చెరువును గిన్నెలా చెక్కడం కాదు. అంచులు పల్చగా, ఏటవాలుగా ఉండాలి, కొంగలు, బాతులు మేసేది అక్కడే. చుట్టూ నిలువుగా కాంక్రీటు గోడ కడితే చెరువు సంపు అయిపోతుంది. మిషన్ కాకతీయ రోజుల్లో పూడిక మట్టి రైతులు పొలాలకు తోలుకున్నారు, ఊరి చెరువులకు అది మంచి పద్ధతి. పట్టణం మురుగు ఏళ్ల తరబడి దిగిన మట్టిని మాత్రం పరీక్ష చేయించకుండా పొలంలో వేయొద్దు.

వినాయకుళ్లకు చెరువు పక్కన వేరే కొలను తవ్వించమని జూన్‌లోనే అడగండి, ఆగస్టులో అడిగితే 'టైం లేదు' అంటారు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలను కాలుష్య నియంత్రణ మండలి నిబంధనలే వద్దంటున్నాయి. బతుకమ్మతో చెరువుకు బాధ లేదు. తంగేడు, గునుగు నీళ్లలో కలిసిపోయేవే. ప్లాస్టిక్ పూలు, థర్మకోల్ పళ్లేలు, పాలిథీన్ కవర్లు రాకుండా చూసుకుంటే చాలు.

ఎవరు చేయాలి, ఎప్పటికి చేయాలి

తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు పెట్టమంది: యువకులు, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులు. మీ వార్డులో అవి కాగితం మీదే ఉంటే, ఆ పేర్ల జాబితా అడిగి తీసుకోండి. అందులో మీకు తెలిసినవాళ్లు తప్పకుండా ఉంటారు, వాళ్లు ఆ కమిటీలో ఉన్నట్టు వాళ్లకే తెలియకపోవచ్చు. అదే చట్టం మున్సిపల్ బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పెట్టాలంది. ఎగువ కాలువల గట్ల మీద చెట్లకు ఆ డబ్బు అడగొచ్చు. 2021లో మొదలైన కేంద్రం పథకం అమృత్ 2.0 కింద మురుగు శుద్ధికి, చెరువుల పునరుద్ధరణకు నిధులు కేటాయించారు. ప్రతి పట్టణం నీళ్ల రాకపోకల లెక్క తయారుచేయాలని కూడా ఆ పథకంలో ఉంది. మీ మున్సిపాలిటీ ఇచ్చిన లెక్క నకలు తీసుకుని, మీరు బకెట్‌తో, థర్మకోల్‌తో కొలిచిన దాని పక్కన పెట్టండి.

అర్జీ ఒక పేజీ దాటొద్దు. ఒక అర్జీకి ఒకటే డిమాండు. ఇట్లా రాయొచ్చు: 'ఫలానా చెరువులోకి ఈశాన్యం వైపు నుంచి వచ్చే నాలాలో వాన లేని రోజు సగటున ఇన్ని లక్షల లీటర్ల మురుగు పారుతున్నట్టు మేం ఫలానా తేదీల్లో కొలిచాం. మ్యాపు, ఫొటోలు జతచేశాం. చెరువులో కలిసేచోట అడ్డుగోడ, జాలీ కట్టించి, మురుగును శుద్ధి కేంద్రానికి మళ్లించగలరు. వరద నీరు చెరువులోకి వచ్చే దారి మూయకూడదని మనవి.' ఆఖరి వాక్యం వదలకండి.

గడువు మనమే పెట్టుకోవాలి. మా సంఘం సద్దుల బతుకమ్మను గడువుగా పెట్టుకుంది. ఆ రోజు ఆడవాళ్లు చెరువులో కాలు పెట్టి బతుకమ్మను సాగనంపి, ఆ నీళ్లే చేత్తో తీసుకుని తల మీద చల్లుకుంటారు. మొదటి ఏడాది మెట్ల దగ్గర ఎవరూ నీళ్లు ముట్టుకోలేదు, ఒడ్డు నుంచే వదిలి వెనక్కి తిరిగారు. రెండో ఏడాదికి పదకొండు మోరీల్లో మూడు ఆగాయి. నోటుబుక్కులో ఆ పేజీలో మిగిలిన ఎనిమిదింటి పేర్లు, ఒక్కోదానికి ఎదురుగా అర్జీ రసీదు నంబరు, మళ్లీ కొలవాల్సిన తేదీ రాసి ఉన్నాయి.